పరిమళం పుట్టే తోటలు

మాఘం మొదలు వైశాఖం దాకా గుంటూరులో అడుగుపెట్టిన కొత్తవారిని ఆ ఊరు మొట్టమొదట పలకరించేది ముక్కు ద్వారానే. బస్సు దిగిన పెద్దమనిషి ఒక తుమ్ము తుమ్మి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అబ్బ! ఏం వాసనండీ!" అంటాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వుకుంటారు. వారికది వాసనగానే తోచదు. తమాషా ఏమిటంటే, శాస్త్రం కూడా వారి పక్షమే. మిరపకాయలోని కారానికి అసలు వాసన లేదు!

ఈ మాట నమ్మడం కష్టమే. పోపులో నాలుగు ఎండుమిరపకాయలు మాడితే వీధి చివరనున్న వాళ్ళు కూడా దగ్గుతారు కదా, వాసన లేకపోవడమేమిటని గృహిణులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు వెదుక్కుంటూ పోతే మరో పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. అసలు పండుకు పరిమళం ఎక్కడినుంచి వస్తుంది? మట్టికి లేని వాసన, నీటికి లేని వాసన, ఆకుకు లేని వాసన ఆ ఒక్క పండులోకి ఎట్లా చేరుతుంది?

మిరప కూరల దుకాణంలో దొరుకుతుంది కాబట్టి మనం దానిని కూరగాయల్లో జమకట్టాం. కాని పువ్వు రాలిన తర్వాత గింజల్ని కడుపులో పెట్టుకుని పెరిగేది గనుక వృక్షశాస్త్రం దృష్టిలో అది పండే. మామిడి, జామ, సపోటాల సరసన కూర్చోదగినదే. అందుచేత పండ్ల పరిమళం సంగతి తెలుసుకోదలచిన వారు కాశ్మీరు తోటలదాకా పోనక్కరలేదు. గుంటూరులో బయలుదేరి, చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా ఉలవపాడు దాకా ఒకసారి వెళ్ళివస్తే చాలు. ఒక చివర మిరప, ఒక చివర మామిడి. నడుమ నల్లరేగడి.

పాతవాళ్ళ లెక్కలో ఈ దారిలో చాలాభాగం గుంటూరు సీమే. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలనుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లా ఏర్పరిచారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిపడ్డాయి. కాగితం మీద గీతలు మారాయి గాని, ఎండకు నెర్రెలిచ్చి వానకు బంకగా మారే ఆ నేల మాత్రం మారలేదు.

మిర్చి యార్డులో

ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునే గుంటూరు మిర్చి యార్డును తెల్లవారుజామున చూడాలి. లారీలు, ట్రాక్టర్లు వచ్చి నిలుస్తాయి. టిక్కీలని పిలిచే గోనె మూటలు గోడలు కట్టినట్లు లేస్తాయి. మూతి విప్పిన ప్రతి మూట దగ్గరా ఒక రైతు నిలబడి వుంటాడు. కొనేవాడు వచ్చి మూటలో మోచేతిదాకా చెయ్యి పెడతాడు. అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి వెలుతురులో రంగు చూస్తాడు. చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండిన కాయ. తర్వాత ఒక కాయ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. అంతా కలిపి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషంలో ఒక సంసారం యేడాది కష్టానికి ధర నిర్ణయమవుతుంది. పక్కన నిలబడిన రైతు ఆ ముక్కు వంకే రెప్పవేయకుండా చూస్తుంటాడు.

కొంచెం అవతల ఆడకూలీలు తొడిమలు తీస్తూ, తాలుకాయలు ఏరుతూ కూర్చుంటారు. తల, ముఖం కలిపి గుడ్డ చుట్టుకుంటారు. కళ్ళు మాత్రమే కనబడతాయి. "అలవాటైపోయిందమ్మా మీకు, తుమ్ములు రావా?" అని వెంట వచ్చిన ఒకావిడ అడిగితే, "అలవాటయిద్దని అంటారు గానమ్మా, ఇంటికి పోయి చేతులతో పిల్లోణ్ణి ఎత్తుకోవాలంటేనే భయం," అన్నదొక కూలీ. చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదట. పోదు మరి. కారం నీటిలో కరిగే వస్తువు కాదు, నూనెలో కరిగేది. ముందు కొద్దిగా నూనె రాసుకుని, ఆ పైన సబ్బుతో కడిగితే కొంత నయం.

ఈ కారం కథ చిత్రమైనది. 1876లో థ్రెష్ అనే ఆంగ్లేయుడు మిరపకాయలోనుంచి కారాన్ని విడదీసి దానికి కాప్సైసిన్ అని పేరు పెట్టాడు. 1912లో అమెరికాలో స్కోవిల్ అనే మందుల శాస్త్రజ్ఞుడు దానిని కొలిచే ఉపాయం కనిపెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలిపి, మనుషుల చేత రుచి చూపించి, మంట తెలియకుండా పోయేదాకా నీళ్ళు పోసుకుంటూ పోవడమే ఆ ఉపాయం. 1919లో నెల్సన్ అనే ఆయన ఆ అణువు నిర్మాణం చాలావరకు తేల్చాడు. కారం అనేది రుచీ కాదు, వాసనా కాదు, ఒక రకం నొప్పి అన్న సంగతి పూర్తిగా రుజువయింది మాత్రం 1997లో. మన నరాల చివర సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే ఒక చిన్న ద్వారం వున్నది. కాలుతున్నదని మెదడుకు కబురు పంపడం దాని పని. కాప్సైసిన్ తగిలితే ఆ ద్వారం వేడి లేకుండానే తెరుచుకుంటుంది. నాలుక చల్లగానే వున్నా నిప్పంటుకున్నట్లు అనిపించేది అందుకే. ఈ ద్వారాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

మరి తుమ్ము సంగతి? యార్డులో మనల్ని తుమ్మించేది వాసన కాదు, దుమ్ము. కారం అంటిన సన్నని పొట్టు గాలిలో లేచి ముక్కు పొరలకు తగులుతుంది. పోపులో మిరపకాయ మాడితే నూనె పొగతో కలిసి అదే కారం గొంతులో దిగుతుంది. రెండు చోట్లా నరానికి మంట పుడుతున్నది. ముక్కుకు వాసన అందడం వేరు. అట్లా అని మిరపకు వాసన లేదనుకునేరు! కారానికి లేదు గాని మిరపపండుకు బ్రహ్మాండంగా వుంది. అది చూడాలంటే తోటకు పోవాలి.

పచ్చికాయ వాసన

గుంటూరునుంచి అమరావతి రోడ్డున లాం గ్రామం వస్తుంది. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం పేరు తెలియని మిరప రైతు ఈ చుట్టుపట్ల వుండడు. జి-4, ఎల్.సి.ఎ. 334 వంటి రకాలు అక్కడివే. తోటల్లో తేజ రకం ఒక పక్క, సన్నరకాలు ఒక పక్క కనిపిస్తాయి. తేజ కాయ చిన్నది, కారం జాస్తి. సన్నం కాయకు రంగూ కారమూ సమపాళ్ళలో వుంటాయి.

మిరపచెట్టు దగ్గర ఒక సౌకర్యం వున్నది. ఒకే మొక్కమీద తెల్లని పువ్వు, పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు నాలుగూ ఒకేసారి కనిపిస్తాయి. పరిమళం పుట్టుక చూడవలసిన వారికి ఇంతకంటె మంచి బడి దొరకదు. ముందు పచ్చికాయను విరిచి చూడండి. చప్పున ముక్కుకు తగిలేది రెండు వాసనలు. ఒకటి, గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చివాసన. కాయలో ముందే తయారుగా వుండేది కాదిది. మనం విరిచినప్పుడు కణాలు చిట్లి, ఆకుపచ్చ పొరల్లోని కొవ్వుకు ఒక ఎంజైము తగిలి, గాలిలోని ప్రాణవాయువు సాయంతో అప్పటికప్పుడు పుట్టుకొస్తుంది. పశువు నమిలినా, పురుగు కొరికినా అదే వాసన. ఒక విధంగా అది గాయపడిన మొక్క కేక.

రెండవది అసలైన మిరప వాసన. కళ్ళు మూసుకుని చూసినా ఇది మిరపకాయేనని చెప్పించేది. దాని పేరు చెబితే భయపడతారు, మెథాక్సీపైరజీన్ అనే కుటుంబానికి చెందిన అణువు అది. 1969లో కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు దీనిని బుట్టమిరపకాయలో పట్టుకున్నారు. దాని శక్తి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. లక్షకోట్ల పాళ్ళ నీటిలో రెండు పాళ్ళున్నా మనిషి ముక్కు పసికడుతుంది. నూరు మీటర్ల పొడవు, నూరు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల లోతు గల చెరువు నిండా నీరుండి, అందులో రెండు చుక్కలు పడ్డాయనుకోండి, సుమారు అంత. కాయ పచ్చిగా వున్నన్నాళ్ళే దీని పెత్తనం. పండబారేకొద్దీ తగ్గిపోతుంది. గింజ ఇంకా ముదరలేదు, తొందరపడవద్దని చెట్టు చెప్పే మాట అనుకోవచ్చు దీన్ని.

అదే సమయంలో, గింజలు అంటుకుని వున్న తెల్లని ఈనెలో కారం తయారవుతూ వుంటుంది. గింజలో కారముంటుందని మన ఇళ్ళల్లో అందరూ అనుకుంటారు గాని, ఆ ఈనెను ఒరుసుకుని వుండడంచేత గింజకు కారం అంటుతుందంతే. ఈ తయారీలో రెండు చేతులు కలుస్తాయి. ఒక చేయి వెనిలిన్‌ది, అంటే ఐస్‌క్రీములో మనం మెచ్చుకునే ఆ కమ్మని వాసన పదార్థమే. రెండవ చేయి ఒక కొవ్వు తోక. ఈ రెండూ అతుక్కుని కాప్సైసిన్ అవుతాయి. వెనిలిన్ ఒంటరిగా వుంటే తేలికగా గాలిలోకి లేస్తుంది, కాబట్టి మన ముక్కుకు చేరుతుంది. కొవ్వు తోక తగిలించుకున్నాక అణువు బరువు రెండింతలయింది. నూనెలాగా కాయను అంటిపెట్టుకుని కూర్చుంటుంది. లేవలేనిది ముక్కుకు ఎట్లా అందుతుంది? కారానికి వాసన లేకపోవడానికి కారణం ఇదే.

చెట్టుకు ఈ కారం ఎందుకు? తోటగట్టున కూర్చుంటే జవాబు దానంతటదే ఎగిరి వస్తుంది. రామచిలుకలు వచ్చి పండుమిరపకాయను కాళ్ళతో పట్టుకుని హాయిగా తింటాయి. వాటికి మంట తెలియదు. వాటి నరాల్లోని ద్వారం కాప్సైసిన్‌కు తెరుచుకోదు. గింజల్ని నమిలి నాశనం చేసే ఎలుకల వంటి జంతువుల్ని కారం తరిమేస్తుంది. గింజల్ని నమలకుండా దూరం తీసుకుపోయి విడిచే పక్షుల్ని ఏమీ అనదు. మనిషి ఒక్కడే మంటను మంటగా తెలిసి కూడా, కన్నీళ్ళు తుడుచుకుంటూ మరో ముద్ద కలుపుకునేవాడు. పదిహేనో శతాబ్దం చివర పోర్చుగీసు వాళ్ళు మన తీరానికి దారి కనుక్కున్న తర్వాత అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క, మిరియాల పేరును పోలిన పేరు పెట్టుకుని, మిరియాల పీటమీదే కూర్చున్నది.

పండు వాసన

పచ్చికాయ పక్కనే వున్న ఎర్రపండును ఇప్పుడు విరవండి. ఇది మరో లోకం. పచ్చివాసన వెనక్కు తగ్గి, ఒక తియ్యని వాసన ముందుకు వస్తుంది. బాగా మగ్గిన టమాటాను, దూరాన ఎక్కడో పువ్వును తలపించే వాసన. గుంటూరు సీమలో పండుమిరపకాయలూ చింతపండూ కలిపి దంచే కొరివికారం రుచి ఎరిగిన వారికి ఈ వాసన చెప్పనక్కరలేదు. పచ్చిమిరపకాయలతో ఎంత చేసినా ఆ పచ్చడి కాదది.

ఏమయింది కాయలో? ఆకుపచ్చ రంగు విరిగిపోయింది. దాని స్థానంలో కాప్సాంథిన్ అనే ఎరుపు రంగు నిండింది. క్యారెట్‌లోని పసుపుకు ఇది దగ్గర చుట్టం. ఈ రంగుల గొలుసులు పొడుగైనవి, బరువైనవి. వాటికీ వాసన లేదు. కాని కొన్ని ఎంజైములు ఈ గొలుసులను ఒక చోట కత్తిరిస్తాయి. తెగిపడిన తునక చిన్నది గనుక గాలిలోకి లేస్తుంది. అటువంటి తునకల్లో ఒకటైన అయోనోన్‌కు పూల వాసన వుంటుంది. అంటే పండులో రంగే విరిగి పరిమళమవుతున్నది. మరో పక్క కొవ్వులు, అమైనో ఆమ్లాలు విడిపోయి ఆమ్లాలు, ఆల్కహాళ్ళు అవుతాయి. ఆ రెండూ జతకడితే ఎస్టర్లు పుడతాయి. అరటిపండులో, అనాసలో మనం మెచ్చుకునే వాసనలు చాలావరకు ఎస్టర్లవే. పచ్చికాయ వాసనతో వద్దన్న చెట్టు, పండు వాసనతో రమ్మంటున్నది. గింజ ముదిరిందన్న మాట.

కల్లం దగ్గర

మిరప పరిమళానికి మూడో అధ్యాయం కల్లంలో. కోసిన పండులో మూడువంతులకు దగ్గరగా నీరే. దాన్ని నూటికి పది, పదకొండు పాళ్ళకు దించాలి. ఊరి బయట మైళ్ళ తరబడి ఎర్ర తివాచీలు పరిచినట్లు కల్లాలు కనిపిస్తాయి. ఫోటో తీసుకునే వారికి కన్నుల పండుగ. రైతుకు మాత్రం ఆ పది పదిహేను రోజులు కంటిమీద కునుకుండదు.

ప్రత్తిపాడు దాటిన తర్వాత ఒక కల్లం దగ్గర ఆగాం. అరవై యేళ్ళ రైతు, ఆయన భార్య కాయలు తిరగేస్తున్నారు. "ఎండలు బాగా వున్నాయి, మీ పని ఎండే చేసిపెడుతుంది కదండీ," అన్నాను. ఆయన నవ్వాడు.

"ఎండ ఆరబెట్టదండీ, మనిషి ఆరబెట్టాలి. పరిచి ఊరుకుంటే పైకాయ ఎండిద్ది, కిందికాయ ఉడికిద్ది. రోజూ తిరగెయ్యాల. పొద్దుగూకితే కుప్పజేసి పట్టా కప్పాల, లేకపోతే మంచుకి మెత్తబడిద్ది. తెల్లారి మళ్ళా పరవాల."

"అయిందని ఎట్లా తెలుస్తుంది?"

"వాసన జెప్పిద్దండీ. పచ్చి వాసన పోవాల, పండు వాసన రావాల, పాచి వాసన రాగూడదు. ఈ మూడు మాటలే మా విద్య."

ఇంత క్లుప్తంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. నీరు పోయేకొద్దీ కాయలోని చక్కెర, అమైనో ఆమ్లాలు దగ్గరపడి, ఒకదానికొకటి తగిలి కొత్త వాసనలు పుట్టిస్తాయి. రొట్టె కాలినప్పుడు, కాఫీగింజ వేగినప్పుడు జరిగేదీ ఇదే. 1912లో మైయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఈ మార్పును వర్ణించాడు. కల్లంలో అది నిప్పు లేకుండా, మెల్లగా, ఎండలో జరుగుతుంది. అందుకే మంచి ఎండుమిరపకాయలో ఎండుగడ్డి వాసన, బెల్లపు జాడ, కొంచెం పండు జ్ఞాపకం మూడూ కలిసి వుంటాయి.

మూడో మాట దగ్గరే వుంది ప్రమాదమంతా. మాఘ ఫాల్గుణాల్లో అకాలంగా ఒక్క వాన పడితే చాలు. పట్టా కప్పినా కింద తడి చేరుతుంది. కాయ నల్లబారుతుంది, లేదా రంగు వెలిసి తాలుకాయ అవుతుంది. లోపల బూజు పడుతుంది. ఆ బూజులో ఒక జాతి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు బూజుపట్టిన వేరుసెనగపిండి తిని చచ్చిపోయినప్పుడు ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. యూరపు దేశాలవారు కిలో మిరపకాయల్లో ఈ విషం పది మైక్రోగ్రాములు మించితే సరుకు రానివ్వరు. బూజుకు పాచివాసన వుంటుంది గాని, ఆ విషానికి మాత్రం వాసన లేదు! వాసన వచ్చేసరికే ఆలస్యమయిందన్నమాట. ఎండబెట్టినా, వేయించినా అది పూర్తిగా పోదు.

"మరి వాన వస్తే?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆవిడ చెప్పింది: "రెండేళ్ళ కిందట వచ్చిందయ్యా. కౌలు పొలం. కోతకూలి, మందుల బాకీ అన్నీ ఆ కుప్ప మీదే వున్నయి. రాత్రి రెండు గంటలప్పుడు చినుకు పడితే ఇద్దరం లేచి పట్టాలు లాగినం. సగమే దక్కింది. ఆ సగాన్ని యార్డులో వాసన చూసి పక్కన పెట్టేశారు." మళ్ళీ కాయలు తిరగేయడంలో పడింది.

వానే కాదు, 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి పూతనే తినేసిన సంవత్సరం ఈ సీమలో ఎవరూ మరచిపోలేదు. పువ్వు నిలబడితేనే కాయ, కాయ పండితేనే వాసన, వాసన నిలిస్తేనే ధర. ఈ గొలుసులో ఎక్కడ తెగినా రైతు ఇంట్లో పొయ్యి మీద ప్రభావం పడుతుంది. గుంటూరు చుట్టూ వెలసిన శీతల గిడ్డంగుల ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. చలి, చీకటి కలిస్తే రంగూ వాసనా నెమ్మదిగా తరుగుతాయి. ధర వచ్చేదాకా రైతు ఓపిక పట్టగలుగుతాడు. గిడ్డంగి అద్దె భరించగలిగితే సుమా!

పత్తి చేల మీదుగా

చిలకలూరిపేట వైపు దారిపొడుగునా పత్తి చేలు, నూలు మిల్లులు. పత్తికాయ కూడా పండే, కాని పరిమళం లేని పండు. విత్తనాన్ని మోసుకుపొమ్మని తియ్యని వాసనతో ఎవరినీ పిలవవలసిన అవసరం దానికి లేదు. అయితే పత్తిచెట్టు బొత్తిగా మూగది కాదు. ఆకు మీద పురుగు పడి కొరికినప్పుడు అది కొన్ని ప్రత్యేకమైన వాసనలు విడుస్తుంది. వాటిని పసికట్టి చిన్న కందిరీగలు వచ్చి, ఆ పురుగుల్లో గుడ్లు పెట్టి, వాటిని చంపుతాయి. కాపలావాడిని కేకవేసినట్లే. మందుల కొట్టు అప్పు రాసుకునే దేశంలో, అప్పు లేకుండా వచ్చే ఈ కాపలాదారుల్ని కూడా మందు కొట్టి చంపుకుంటున్నామా అన్న ఆలోచన రాకమానదు.

ఉలవపాడు మామిడి

గుండ్లకమ్మ దాటి, ఒంగోలు దాటి, సింగరాయకొండ మీదుగా ఉలవపాడు చేరేసరికి గాలే మారిపోతుంది. నల్లరేగడి పోయి నేల తేలికబడుతుంది. రోడ్డుకు రెండు పక్కలా పందిళ్ళు వేసి మామిడిపండ్లు గుట్టలు పోసి అమ్ముతారు. ఎక్కువ భాగం బంగినపల్లి. కార్లు, బస్సులు ఆగని గంట వుండదు.

మామిడికి పరిమళం చిన్నప్పటినుంచే వున్నది. పిందె తుంచితే కారే సొనను వాసన చూడండి. అందులో టెర్పీనులనే జాతి వుంది. దేవదారు వంటి చెట్ల బంకలోనూ, నిమ్మతొక్క నూనెలోనూ వున్న జాతే అది. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థవారు ఈ సొన మీద పనిచేసి, పారబోసే దానిలో పనికివచ్చే పరిమళం వున్నదని చూపించారు. పండేటప్పుడు ఈ మూలానికి కొత్త స్వరాలు కలుస్తాయి. పిండి చక్కెర అవుతుంది, పులుపు తగ్గుతుంది, కొవ్వులు విరిగి లాక్టోనులు, ఎస్టర్లు పుడతాయి. ఇంకొక విశేషం వున్నది. కాయ తన పరిమళంలో కొంత భాగాన్ని చక్కెరతో మూటగట్టి దాచుకుంటుంది. మూటగట్టినంతసేపు వాసన రాదు. పండే సమయానికి ఎంజైములు వచ్చి ఆ ముడి విప్పుతాయి.

వీటికన్నిటికీ గంట కొట్టేది ఎథిలీన్ అనే వాయువు. దానిని కాయ తనంతట తానే విడుస్తుంది. 1934లో ఇంగ్లండులో గేన్ అనే శాస్త్రజ్ఞుడు పండ్లు ఈ వాయువును విడుస్తాయని రుజువు చేశాడు. మన అమ్మమ్మలు గేన్ పేరు వినలేదు గాని, గడ్డిలో మామిడికాయలు మగ్గవేసేటప్పుడు నడుమ ఒక పండిన పండు పెట్టడం వారికి తెలుసు. ఆ పండు విడిచే వాయువు గడ్డిలో నిలిచి తక్కిన కాయల్ని లేపుతుంది. ఈ విషయంలో మిరప తీరు వేరు. అది మామిడిలాగా గడ్డిలో మగ్గే సరుకు కాదు, చెట్టుమీదే పండాలి.

లేతకాయను కోసి, కార్బైడు పొట్లాలు పెట్టి రంగు తెప్పించే వ్యాపారం ఇక్కడే పుట్టింది. కార్బైడు తడి తగిలి అసిటిలీన్ వాయువును విడుస్తుంది. అది ఎథిలీన్‌ను కొంతవరకు అనుకరించి తొక్కను పసుపు చేస్తుంది. కాని టెంక ముదరని కాయలో పరిమళానికి కావలసిన సరంజామాయే చేరి వుండదు. గంట కొట్టారు గాని, బడిలో పిల్లలే లేరు! పైగా కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కలుషితాలుంటాయి. అందుకే మన దేశంలో పండ్లు మగ్గవేయడానికి దానిని వాడరాదని నిషేధించారు. పది లక్షల పాళ్ళ గాలికి నూరు పాళ్ళు మించకుండా ఎథిలీన్ వాయువు వాడుకోవచ్చు. కొనేవారికి ఒక్కటే పరీక్ష. కంటిని నమ్మకండి, ముక్కును నమ్మండి. తొడిమ దగ్గర వాసన చూడండి. రంగు వుండి వాసన లేని పండు అబద్ధం చెబుతున్నదన్న మాట.

జాడీలో సమావేశం

ఈ దారిలోని రెండు చివరలూ కలుసుకునే చోటు మన ఇళ్ళల్లోనే వుంది. అదే ఆవకాయ జాడీ. పుల్లని మామిడికాయ ముక్క తన టెర్పీనులు తెస్తుంది. మిరపపొడి తన రంగు, కల్లం ఎండలో పుట్టిన వాసన తెస్తుంది. మూడవది ఆవపిండి. దాని తమాషా మరొకటి. గింజగా వున్నప్పుడు ఆవాలకు ఘాటు లేదు. పొడికొట్టి తడి తగిలించగానే, వేరువేరు గదుల్లో వున్న రెండు పదార్థాలు కలిసి ఘాటు పుడుతుంది. ఆ ఘాటు తేలికైన అణువు గనుక ముక్కు పుటాల్లోకి ఎగురుతుంది. మిరపకారం బరువైనది గనుక నాలుకను పట్టుకుంటుంది. ఆవకాయ ముద్ద ఒక్కసారే రెండు చోట్ల తాకడంలో మర్మం ఇదే.

గృహిణులకు ఒక మాట. ఏడాదికి సరిపడా కారం ఒకేసారి దంచి పెట్టుకోవడం కంటె, కాయలు కొని, ఒక ఎండ చూపించి, తడి తగలని డబ్బాలో చీకటిలో పెట్టి, కావలసినప్పుడల్లా పొడి కొట్టుకోవడం మేలు. పొడి అయిన క్షణంనుంచి గాలి లోపలికి దూరి రంగును, వాసనను తినేస్తుంది. కొనేటప్పుడు కాయను విరిచి వాసన చూడండి. గలగలమనాలి, పండు వాసన రావాలి, పాచి వాసన రాకూడదు. పాచి వాసన వచ్చినది ఎంత చవకైనా వద్దు. బాగున్నది కనిపిస్తే మాత్రం నాలుగు రూపాయల దగ్గర మరీ బేరమాడకండి. వాసన లేని కారం ఎండ వుంటే ఎక్కడైనా పుడుతుంది. ఆ వాసన నిలవాలంటే, అర్ధరాత్రి చినుకు చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, పట్టా లాగే మనుషులు కావాలి.